జనరేటర్ వెనక

ఫెర్రీ దిగేలోపే వాడు రెండు జతలు తడిపాడు.
హీయుమా దీవిలో జూన్ నెల.
చీకటి పడాలా వద్దా అని ఆకాశం
రాత్రి పదకొండైనా తేల్చుకోలేదు.

నాలుగు నెలల పసిగుడ్డుతో పాటల తిరునాళ్ళకా అని
మా అత్త హెల్వీ ముక్కున వేలేసుకుంది.
తావెట్ ఏమీ అనలేదు. ఊళ్ళోకెళ్ళి
చెవులకి పెట్టే గులాబీ రంగు డిప్పలు కొనుక్కొచ్చాడు.
అవి పెట్టగానే ఉకు
హెలికాప్టర్ ఎక్కబోయే పెద్దమనిషిలా
మా ఇద్దర్నీ చులకనగా చూశాడు.

వాడి సామాను చెప్పనా?
డైపర్లు పద్దెనిమిది, ఉన్ని టోపీ, దోమతెర,
ఒక గుడ్డ నక్క. దాని తోక వాడి నోట్లో
నానీ నానీ తాడైపోయింది.
నా సామాను ఒక టికెట్టు.

పోయినేడు టికెట్టు లేదు నాకు.
ఈ మైదానంలోనే, ఆ చెక్కల వేదిక మీదే
అకార్డియన్ పట్టీలు భుజాలకి బిగించి నిలబడ్డాను.
తిత్తి తెరిచి మూసిన ప్రతిసారీ
అది పొట్టకి ఆనుతూనే ఉంది.
లోపల మినపగింజంత వాడున్నాడని
నాకింకా తెలీదు.

ఇప్పుడు నా చోట్లో పిరెట్.
బాగా వాయిస్తుంది, కాదనను.
మూడో పాటలో ఒక మలుపు ఉంటుంది,
అక్కడ కాస్త ఆగాలి, గుమ్మంలో చెప్పులు విప్పుకున్నంత సేపు.
తను ఆగలేదు.
నా వేళ్ళు ఆగాయి, వాడి వీపు మీద.
అంతే, చొక్కా తడిసిపోయింది.
పరాయి పిల్ల ఏడ్చినా పాలు చేపుకొస్తాయని
మంత్రసాని చెప్పింది గానీ
అకార్డియన్ ఏడ్చినా చేపుకొస్తాయని చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే వాడు గుక్కపట్టాడు.
పాలివ్వబోతే మొహం తిప్పేశాడు.
నక్కనిస్తే విసిరేశాడు.
ఎత్తుకుంటే విల్లులా వెనక్కి వంగాడు.
జనం దారిచ్చారు, నవ్వుతూ ఇచ్చారు,
దారివ్వడంలోనే వెళ్ళమనడం కూడా ఉంది.

కాల్చిన చేపల కొట్టు దాటి,
మరుగుదొడ్ల వరస దాటి,
మోకాలెత్తు జూనిపర్ పొదలు గీరుకుంటూ పోతే
అక్కడొక జనరేటర్.
పక్కన మడతకుర్చీలో ఒక ముసలాయన,
గళ్ళనుడికట్టు, పళ్ళ మధ్య పెన్సిలు.
ఎండెల్ అట. మొత్తం వేదికకి కరెంటు ఆయన చేతిలోనే.

గుర్ర్‌ర్‌మని ఒకటే శ్రుతి.
ఎక్కదు, దిగదు, పల్లవి లేదు, చరణం లేదు.
తిత్తిసన్నాయిలో బండ గొట్టం ఒక్కటే మిగిలినట్టు.
ఉకు సగం ఏడుపులో ఆగి, విన్నాడు.
పెదవి వణికింది, సర్దుకుంది.
రెప్పలు ఒకటి ముందూ ఒకటి వెనకా
వాలాయి.

"టికెట్టెంత?" అన్నాడు ఎండెల్.
"నలభై యూరోలు."
"నా కచేరీకి ఎక్కువే ఇచ్చావు."

నేలమీదే కూచున్నాను.
దూరం నుంచి మూడో పాట, నాలుగో పాట,
అంచులు అరిగి, గాలికి అటూ ఇటూ పోతూ
ఈ గుర్రు మీదికొచ్చి కూచుంటున్నాయి.
ఇక్కణ్ణుంచి వింటే పిరెట్ తొందర కూడా
తొందరలా లేదు.

తావెట్ వెతుక్కుంటూ వచ్చాడు, చేతిలో రెండు గ్లాసుల కామా.
నోరు తెరవబోయి మమ్మల్ని చూసి
ఆ నోటితోనే కాస్త కామా తాగేశాడు.

ఎక్కడో చప్పట్లు. విరామం.
ఎండెల్ లేచి డీజిల్ డబ్బా మూత తిప్పాడు,
నింపాలంటే ఆపాలి గదా,
మీట మీద చెయ్యి వేశాడు.
నేను ఊపిరి బిగబట్టాను.

ముల్లు చూశాడు. ఎర్రగీత పక్కనే ఉంది.
వాణ్ణి చూశాడు.
మైకులో ఎవరో తన పేరే పిలుస్తున్నారు,
"ఎండెల్, ఇప్పుడే పోసెయ్, మళ్ళీ టైముండదు."

వచ్చి కుర్చీలో కూచున్నాడు.
"జనరేటర్ దగ్గరున్నవాడికి
మైకు వినపడుతుందా ఎక్కడైనా," అని
గళ్ళలోకి తల దించాడు.